తప్పిపోయిన లీడరు

ఆ రోజుల్లో మాకు తెలిసిన లీడరల్లా, టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే క్లాసు లీడరే. అంతకు మించిన నాయకత్వం ఒకటుంటుందని మా ఆదోని బడికి తెలిసింది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు. ఎవరో సేవాసంస్థ వాళ్లు వచ్చి, హైస్కూలు పిల్లల్ని రేపటి నాయకులుగా తయారుచేస్తామనీ, దానికి ఊరి సేవే మొదటి మెట్టనీ చెప్పి వెళ్లారు. మా జట్టుకు లీడరుగా ఎవరుంటారని సోషల్ మేడం అడగ్గానే తరగతంతా తలలు దించుకుంది. నేను మాత్రం పైన ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందా అని చూస్తున్నాను. తలెత్తి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి లీడర్నయిపోయాను. (నాయకులు పుడతారా, తయారవుతారా అని పెద్దలు వాదించుకుంటుంటారు. నన్ను మాత్రం ఫ్యాను తయారుచేసింది.) ఆ రోజు నుంచి నాకు పొద్దున్నే భయంతో మెలకువ రావడం మొదలైంది. భయం బయటపడకుండా ఉండాలని గొంతు పెంచి మాట్లాడటం కూడా అప్పుడే అలవాటయింది.

మా జట్టుకు అప్పజెప్పిన సేవ, కౌతాళం దగ్గరి ఒక పల్లె నుంచి కంటిచూపు మందగించిన ముసలివాళ్లను ఎమ్మిగనూరులో జరిగే కంటి శిబిరానికి తోడుగా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికి చేర్చడం. ఒక్కొక్కరికి ఒక్కో పెద్దమనిషి. నా వంతుకు వచ్చిన అవ్వ సన్నగా, వంకాయరంగు చీరలో, సగం తెలుగూ సగం కన్నడమూ మాట్లాడుతూ వ్యాను ఎక్కింది. ఆమెను ఎక్కించడానికి వచ్చిన కొడుకును చూశాక నా భయం రెట్టింపయింది. ఏటా దసరాకు దేవరగట్టు కర్రల సమరానికి పోయి, తలలు పగిలే ఆ కర్రల మధ్య దూకి వచ్చే మనిషట. నుదుటి మీద మచ్చ, బుర్రమీసాలు. ఆయన నా వైపు వంగి, "మా యమ్మ జాగ్రత్త పాపా" అని మాత్రం అన్నాడు. మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం ఆ కర్రలన్నీ కనిపించాయి. అవ్వ చేయి వదలొద్దని మేడం నాకు చెప్పి, ఆ తర్వాత అవ్వ దగ్గర వంగి ఆమెతో కూడా ఏదో చెప్పింది. అదేమిటో నేను వినలేదు.

శిబిరంలో అవ్వ కళ్లలో చుక్కలమందు వేసి, కాసేపు ఏమీ సరిగ్గా కనిపించదు, కదలకుండా కూర్చోమని చెప్పి షామియానా కింద బల్ల మీద కూర్చోబెట్టారు. ఇంతలో తోడుగా వచ్చిన పిల్లలంతా వచ్చి పులిహోర పొట్లాలు తీసుకోవాలని పిలుపొచ్చింది. వెళ్లి, తోపులాటలో రెండు పొట్లాలు సంపాదించుకుని వచ్చేసరికి బల్ల మీద అవ్వ లేదు. పక్కన కూర్చున్న తాత తన కళ్లలోనూ మందు వేశారనీ, తననేమీ అడగొద్దనీ అన్నాడు. మరుగుదొడ్ల దగ్గర చూశాను, నీళ్ల డ్రమ్ము దగ్గర చూశాను, డాక్టరు గదిలోకి తొంగిచూసి తిట్లు తిన్నాను. మేడంకు చెప్పాల్సింది. కానీ లీడరంటే సమస్యను తానే పరిష్కరించాలని సేవాసంస్థ వాళ్లు శిక్షణలో గట్టిగా నేర్పారు. అందుకని పొట్లాలు రెండూ చేతుల్లో పట్టుకునే రోడ్డెక్కాను.

చూపు సరిగ్గా లేని మనిషి, తెలియని ఊరు, ఎదురుగా లారీలు. ఆ మధ్యాహ్నం నా బుర్ర చెయ్యని ఊహ లేదు. మగ్గాలు టకటకమంటున్న వీధుల్లోకి పరుగెత్తి, కనబడిన ప్రతి గడపలోనూ వంకాయరంగు చీర కట్టుకున్న అవ్వ కనిపించిందా అని అడిగాను. ఒకామె మగ్గం ఆపి, తమ అత్తే లోపల అలాంటి చీరలో ఉంది, చూసుకోమంది. నిజంగానే వెళ్లి చూసుకున్నాను. ఆ అత్త నన్ను చూసి, ఎవరి పిల్లవమ్మా, ఏడుస్తున్నావెందుకని అడిగింది. అప్పటిదాకా ఏడుస్తున్నట్టు నాకే తెలియదు. అవ్వ దొరక్కపోతే ఆ మీసాల మనిషి ముందు నిలబడి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ, ప్రతి వాక్యం సగంలోనే తెగిపోతుండగా, కాళ్లు తీసుకెళ్లినట్టు బస్టాండు దాకా వెళ్లాను.

అక్కడ మైకులో మంత్రాలయం బస్సు గురించి చెబుతున్న గొంతు ఆగి, ఒక అమ్మాయి తప్పిపోయిందని చెప్పడం మొదలుపెట్టింది. పాపం, నాలాగే ఇంకెవరికో కూడా ఈరోజు బాగాలేదనుకున్నాను. ఆదోని నుంచి వచ్చిన పిల్లట. తెల్ల డ్రస్సు, ఆకుపచ్చ చున్నీ, రెండు జడలు. మా బడి పిల్ల కూడా ఒకతి తప్పిపోయిందా అని గుండె ఇంకాస్త జారింది. "పేరు లీడరు. ఎక్కడున్నా బస్టాండు ఆఫీసు దగ్గరికి రావాలి. వాళ్లవ్వ కంగారు పడుతోంది."

అవ్వ ఆఫీసు గదిలో కుర్చీ మీద కూర్చుని టీ తాగుతోంది. ఒక ఆకుపచ్చ చున్నీ గేటు దాటి పోతుంటే, మసక చూపులో అది నేనే అనుకుని వెంటబడిందట. బస్టాండు దాకా వచ్చాక ఆ పిల్ల వేరే బడి పిల్లని తెలిసి, అయితే నేను తప్పిపోయానని తేల్చుకుంది. పొద్దుట్నుంచి అందరూ నన్ను లీడరనే పిలవడం విని, అదే నా పేరని మైకువాళ్లకు చెప్పింది. నా గొంతు వినగానే నా చేయి దొరకబుచ్చుకుంది.

"యాడికి పోయినావు పాపా? మీ మేడం నిన్ను నాకు అప్పజెప్పింది. సిన్నపిల్ల, సెయ్యి ఇడిసిపెట్టద్దవ్వా అని మరీ సెప్పింది. నువ్వు దొరక్కపోతే మీ యమ్మకు నేనేం సెప్పల్ల?"

నలిగిపోయిన పులిహోర పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టాను. అక్కడే కూర్చుని ఇద్దరం తిన్నాం. శిబిరానికి తిరిగి వెళ్లేసరికి మేడం గేటు దగ్గరే ఉంది. (బస్టాండు మైకు ఊరంతా వినిపిస్తుందని ఆ రోజే తెలిసింది.) ఆమె నోరు తెరవకముందే అవ్వ, పిల్ల తప్పిపోతే తాను వెతికి పట్టుకొచ్చాననీ, ఏమీ అనొద్దనీ సర్దిచెప్పింది. నవ్వు ఆపుకోవడానికి మేడం చాలాసేపు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. బడిలో పదో తరగతి అయ్యేదాకా నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు, తప్పిపోయిన లీడరనే పిలిచారు.

అవ్వకు ఆపరేషను జరిగి, చూపు కుదుటపడ్డాక మేమంతా ఆ పల్లెకు పలకరించడానికి వెళ్లాం. మీసాల కొడుకు మాకు మజ్జిగ ఇచ్చి, మీ లీడరు మా యమ్మను బాగా చూసుకుందంట అని మేడంతో అంటుంటే, నేను మేడం వెనక్కి జరిగాను. అవ్వ నల్లద్దాలు తీసి, నన్ను ముందుకు లాగి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత సిన్నదానివా నువ్వు? గొంతు ఇని ఇంకా పెద్దదానివనుకుంటి."

ఇప్పుడు ఆఫీసులో ఏదైనా చిక్కొస్తే అందరూ నా బల్ల చుట్టూ చేరి, ఏం చేద్దాం మేడం అంటారు. లోపల ఎప్పటిలాగే భయం మొదలవుతుంది. గొంతు కాస్త పెంచి, ఏం పర్లేదు, నేను చూసుకుంటానంటాను. వాళ్లు నమ్మి వెళ్లిపోతారు. పాపం, వాళ్ల చూపుకు ఏ దోషమూ లేదు. అయినా నేను పెద్దదాన్నే అనుకుంటున్నారు.