బోడగుట్టలో అడ్డం సమాధి

పెత్రామాస నాడు మా ఇంట్లో గొడవైంది. పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యవారికి బియ్యం ఇచ్చే రోజది. మా తమ్ముడి కొడుకు రమేశు మా తాత పేరు చెప్పాడు, మా బాపు పేరు చెప్పాడు, వాళ్ల నాన్న పేరు చెప్పాడు. అక్కడితో చేతులు కడుక్కోబోయాడు.

“మా నాయనమ్మ మల్లమ్మ పేరేది?” అన్నాను.

“ఆమె మనల్ని ఇడిసిపెట్టి కిరస్తానంల కలిసింది కద పెద్దబాపు. మీ తాతే ఆమె మొఖం మళ్ల సూడలేదంటరు. ఆమెకెందుకు మన బియ్యం?”

నాకు డెబ్బై ఆరేళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ మాటే వింటున్నాను. మా బాపు పసివాడిగా ఉన్నప్పుడు నాయనమ్మకు పెద్ద జబ్బు చేస్తే, వర్ధన్నపేట అవతల బోడగుట్ట అనే ఊళ్లో మిషన్ దవాఖానలో వేశారట. బాగైంది, బాప్తిస్మం తీసుకుంది, అక్కడే ఉండిపోయింది, అక్కడే పోయింది. ఆమె ఇంటిని వదిలిందా, ఇల్లే ఆమెను వదిలిందా? తాత నిజంగానే ఆమెను మరిచిపోయాడా? అడిగితే పెద్దలు గోడల వైపు చూసేవారు. బాపు ఆ సంగతి తెలియకుండానే పోయాడు. నేను అలా పోదలచుకోలేదు. నేను బడికి పోయింది రెండేళ్లే. మా తాత, బాపు లాగానే గింజల బజారులో కాంట పట్టి తూకాలు వేస్తూ బతుకుతూ, పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నాను. సమాధి రాతి మీద పేరుంటే నాకు కనబడదా అనుకుని మర్నాడే బయల్దేరాను.

పొద్దున ఏడింటికి వరంగల్ బస్టాండులో తొర్రూరు బస్సు ఎక్కాను. బతుకమ్మ రోజులు, తల్లిగారిళ్లకు పోయే ఆడవాళ్లతో కాలు పెట్టే సందు లేదు. వృద్ధులకు అని పెద్దక్షరాలతో రాసిన సీట్లో ఒక కాలేజీ పిల్లగాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్ర నటిస్తున్నాడు.

“చదువుకున్నోనివేనా? నీ నెత్తి మీద ఏం రాసిండ్రో జర చదువు” అన్నాను. లేచాడు.

పక్క సీట్లో గునుగు పూల సంచి ఒళ్లో పెట్టుకున్నామె నవ్వింది. “ఏడికి పోతానవ్ తాతా, గింత కోపంగ?”

“మా నాయనమ్మను ఎతుకపోతాన.”

“నీకే గిన్నేండ్లున్నయి, ఆమె ఇంకేం దొరుకుతది!”

వెనక సీటు దాకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది గాని, ఆమె చర్చిలో కలిసిన సంగతి, ఆమె సమాధి వెతకబోతున్న సంగతి చెప్పాను. నేను దిగేటప్పుడు ఆమే గుప్పెడు గునుగు పూలు తీసి నా చేతిసంచిలో వేసింది. “దొరకాలె తాతా” అంది.

వర్ధన్నపేటలో దిగేసరికి ఎనిమిది దాటింది. అక్కడే ఇడ్లీ తిన్నాను. పోదలచుకున్నవాళ్లు మీరూ తినండి, ఊళ్లో హోటలు లేదు. బోడగుట్టకు షేరు ఆటోలే దిక్కు, అవి నిండితే గాని కదలవు. నా ఆటో నిండడానికి పట్టిన సేపట్లో నడిచినా పోదును.

ఊళ్లో ముందు కనబడేది కొత్త చర్చి. నీలం అద్దాలు, నాలుగు మైకులు. మిషన్ కాలం నాటి పాత చర్చి ఎక్కడని అడిగితే అక్కడి కుర్ర పాస్టరు మంచినీళ్లిచ్చి, “అందుల గబ్బిలాలు తప్ప ఏమున్నయి తాతా?” అన్నాడు. మీ పెద్దలున్నారు బాబూ అన్నాను. పాపం, పత్తి చేను గట్టు దాకా వచ్చి దారి చూపించాడు.

పాత చర్చికి కప్పు సగం లేదు. డంగుసున్నం గోడలు మాత్రం నిన్న కట్టినట్టున్నాయి. వెనక సమాధుల తోట. మోకాలెత్తు గడ్డిలో వరసలు తీరుగా ఉన్నాయి. పెన్ను మూతతో నాచు గీకుతూ ఒక్కో రాయి చదివాను. తెలుగులో ఉన్నవి చదివాను, ఇంగ్లీషులో ఉన్నవి కూడబలుక్కున్నాను. మల్లమ్మ లేదు. ఎండ నెత్తికెక్కింది. ఆఖరి వరసలో నడుస్తుంటే పేరు లేని ఒక సున్నపు దిబ్బ మిగతా వాటిలా పడమర నుంచి తూర్పుకు కాక, దారికి అడ్డంగా ఉండి నా కాలికి తగిలింది. పడబోయి నిలదొక్కుకున్నాను.

“ఎవడు పెట్టిండురా దీన్ని అడ్డంగ? సమాధి కట్టుడు గూడ రాదా ఈ ఊరోళ్లకు?” అని అరిచాను.

“మా ఊరోళ్లను తిట్టకు. అది పెట్టింది మావోళ్లు కాదు” అని గోడ అవతల నుంచి జవాబు వచ్చింది. గడ్డి మోపు దించి ఒక ముసలామె లోపలికి వచ్చింది. పేరు రాహేలమ్మ, నాకంటే పెద్దదే. “ఈమె పెనిమిటి పెట్టిండు. ఓరుగల్లు బజార్ల కాంట పట్టేటాయనట. సచ్చిపోయిందని కబురు పోతే బండి కట్టుకోని వచ్చిండట. మా అవ్వ చెప్పేది.”

“అడ్డంగ ఎందుకు పెట్టిండు?”

“తల పడమరకు పెట్టాలె, తూర్పుకు లేస్తరు అన్నడట చర్చి అయ్యగారు. ఈయన పార ఇడువలే. ‘మీ తోటల్నే పెడుత, మీ ప్రార్థనే చేయున్రి. కని నా పెండ్లాం తల దక్షిణానికే’ అని తనే తవ్విండట. ఏడ్చుకుంటనే కొట్లాడిండట.”

“ఆమె పేరేంది?”

“మార్తమ్మ. ముందుగాల మల్లమ్మనట.”

వంగి దిబ్బ చుట్టూ గడ్డి పీకాను. మా ఇంట్లో అందరినీ దక్షిణానికే తల పెట్టి పూడుస్తాం. బాపును నేనే అలా పడుకోబెట్టాను.

“నువ్వెవలు?” అంది.

“ఆ కొట్లాడినాయన మనుమణ్ణి.”

నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. “తిట్టుడు ఇన్నప్పుడే అనుకోవాలె” అంది.

సంచిలోని గునుగు పూలు దిబ్బ మీద పెట్టాను. ఈస్టరు తెల్లవారుజామున ఇక్కడ ఎవరి సమాధులకు వాళ్లు సున్నం వేసి కొవ్వొత్తులు ముట్టిస్తారట. ఎవరూ రాని ఈ అడ్డం అవ్వకు మాత్రం రాహేలమ్మ ఇంటివాళ్లే వేస్తున్నారట.

“దేవుడు లేపిననాడు అందరు తూర్పుకు లేస్తే, ఈ అవ్వొక్కతే మీ ఓరుగల్లు దిక్కు మొఖం పెట్టి లేస్తదని మా అవ్వ నవ్వేది” అంది. “నాకింక నడుము వంగుతలేదు. మళ్లొచ్చే ఈస్టరుకు సున్నం నువ్వే ఏయాలె.”

మధ్యాహ్నం వాళ్లింట్లో పచ్చిపులుసు అన్నం తిన్నాను. వద్దంటే ఊరుకునే మనిషి కాదు.

మూడు దాటాక తిరుగు బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్నాక తాత మీద కోపం వచ్చింది. అంత కొట్లాడినవాడు ఇంటికొచ్చి ఆ ముక్క కన్నకొడుక్కి చెబితే ఏం పోయేది? ఆ కోపం ఇంకా తగ్గలేదు. అయినా పొద్దున ఎక్కిన మనిషిని కాను. నాలాగా తమవాళ్లను వెతుకుతూ పోయేవారికి ఒక మాట చెబుతాను. రాళ్ల మీది రాతలే చూడకండి, మనిషిని ఎలా పడుకోబెట్టారో కూడా చూడండి.

ఐనవోలు దాటుతుంటే రమేశు ఫోన్ చేశాడు. “ఏడున్నవ్ పెద్దబాపు? పొద్దటి సంది ఫికరైతాంది.”

నాయనమ్మ సమాధి దొరికిందని చెప్పాను.

“తల ఏ దిక్కున్నది?” అన్నాడు.

“దక్షిణం.”

వాళ్ల నాన్నను పూడ్చిన రోజు గుంత కాస్త వంకరగా తవ్వారని కాటికాపరితో గొడవపడి మళ్లీ తవ్వించినవాడు వాడే.

“అయితే మీ తాతనే పెట్టిండు” అన్నాడు మెల్లగా. బస్సు మామునూరు దాటింది. “పెద్దబాపు, ఈస్టరు ఎప్పుడొస్తది?”

“క్యాలెండర్ల చూడు” అన్నాను. “సున్నం డబ్బా నువ్వే మోయాలె.”