అడ్వాన్సు టెంకాయలు

మా అపార్ట్‌మెంటు కింద కార్లు నిలిపే చోట మొన్న పసుపు గీతలు గీశారు. ఆ ఎనామిల్ రంగు వాసన లిఫ్టెక్కి, నాలుగో అంతస్తులో దిగి, బెల్లు కూడా కొట్టకుండా మా వంటింట్లోకి వచ్చేసింది. మా ఆవిడ తలనొప్పి అంటూ కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం బాల్కనీలో నిలబడి, ఊపిరితిత్తులు చాలక పొట్టలోకి కూడా పీల్చుకున్నాను. నా లెక్కలో అది మద్దిలేటి సార్ వాసన. ఆయన ఒంటికి సెంటు పూసుకోగా నేనెప్పుడూ చూడలేదు; చేతిలో పసుపు రంగు డబ్బా లేకుండానూ చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, బనగానపల్లె శివార్లలో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కడుతుంటే నేను చిన్న ఇంజనీరుగా చేరాను. ఆయన ప్రాజెక్టు మేనేజరు. ఆయన మీసం ఆయనకంటే కాసేపు ముందే ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చునేది. గొంతెత్తితే పక్క తోటల్లో పూత రాలిపోతోందని రైతులు మొరపెట్టుకునేవాళ్లు. మద్రాసు దగ్గర ఒక కార్ల ఫ్యాక్టరీలో జపాన్ వాళ్ల దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుని, అక్కడినుంచి ఒక టోపీ, ఏడు వృథాలు తెచ్చుకున్నారు. టోపీ నంద్యాల బస్సులో పోయింది. వృథాలు మా పాలిట మిగిలాయి.

నేను చేరిన రోజే కూలీలందరినీ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పారు. అక్కరకు ముందే చేసిపెట్టడం, ఊరికే ఎదురుచూడటం, సామాను అటూ ఇటూ మొయ్యడం, ఎవరూ అడగని నగిషీలు చెక్కడం, సరుకు గుట్టలు పోసుకోవడం, పనిలేని తిరుగుడు, తప్పుచేసి మళ్లీ చెయ్యడం. "ఈ ఏడూ పని గాదప్పా. పని వేషమేసుకోని తిరిగే దొంగలు," అన్నారు.

కాంక్రీటు పనికి పెద్ద దస్తగిరి మేస్త్రీ. చెవి మీద బీడీ సర్దుకుంటూ లేచాడు. "ఏడేనా సార్? మా ఆడమనిషి నన్నొక్కణ్ణి చూసే ఇరవై చెప్తాది."

సార్ అందరికంటే గట్టిగా నవ్వారు. "అట్లయితే ఆయమ్మను పిల్చకరాప్పా, ఈడ ఇన్‌స్పెక్టరుగా పెట్టుకుందాం."

మర్నాటినుంచి, ఏ వస్తువు చోటు దానిదేనని, సైటంతా పసుపుమయం. పారకు ఒక గీత, తట్టకు ఒక గీత, నీళ్ల డ్రమ్ముకు, నా టీ గ్లాసుకు, చివరికి సైటు కుక్కకు కూడా పడుకునే చోటు చుట్టూ ఒక గీత. జపాన్ పద్ధతి మా అందరికంటే ముందు వంటబట్టింది ఆ కుక్కకే. తోక చివరి వెంట్రుక కూడా గీత దాటనిచ్చేది కాదు.

ఇంత సందడిలోనూ సార్‌ను కంటినిండా నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. ఫ్యాక్టరీ యజమాని రాయచోటి వైపు పెద్ద భూస్వామి. మేమంతా పెద్దాయన అనేవాళ్లం. చుట్టుపక్కల రైతులు ఆ ఏటి కాపు ఆయనకే ఇస్తామని సార్ మాట మీద ఒప్పుకున్నారు. పెద్దాయన మా అందరి ముందే సార్‌తో అన్నాడు: "కాయ రంగు మారేలోపల మిషను తిరగల్ల మద్దిలేటీ. తిరగలేదా, నువ్వు మళ్లా మద్రాసు బస్సెక్కల్ల." అప్పటికి పిందెలు గోలీలంత ఉన్నాయి. మాకు క్యాలెండరుతో పనిలేకపోయింది. తలెత్తి చెట్టు వైపు చూస్తే చాలు, గుండె జారి చెప్పుల్లో పడేది.

పనిలేని తిరుగుడు ఎంతుందో కనిపెట్టడానికి సార్ ఒకరోజు నా మొలకు పురికొస ఉండ కట్టారు. నేను నడిచిన దారంతా పురికొస పరుచుకుంటుంది, పొద్దుగూకేటప్పుడు చూసి లెక్క తేల్చవచ్చు. సైటంతా సాలెగూడు అల్లేస్తానని ఆయన ఆశ. తీరా చూస్తే అది సిమెంటు గోదాము దాకా పోయి, వేపచెట్టు కిందికి తిరిగొచ్చి, అక్కడే చుట్టలు చుట్టుకుని పడుంది. మిగతాది మేక నములుతోంది.

"ఏంరా, ఈడనే మొలకెత్తినావా?" అన్నారు సార్.

"పెద్దాయన రావల్ల కదా సార్. ఆయన టెంకాయ కొట్టందే పిల్లర్లు ముట్టుకునేది లేదంటాండారు కూలోళ్లు."

సార్ కుంచె కింద పెట్టారు. అది ఆనవాయితీ. పునాదికొక కాయ, పిల్లర్లకొకటి, బాయిలరుకొకటి. ప్రతిదీ యజమాని తన చేత్తో కొట్టాలి. ఆయనేమో పెళ్లికి పిలిస్తే కాదనలేడు, పంచాయితీ అంటే లేవలేడు. బయల్దేరానని ఇవాళ ఫోన్ చేస్తే, రేపు కడపలో ఎవరింట్లోనో రెండోసారి పప్పు వడ్డించుకుంటూ దొరికేవాడు. అన్నాళ్లూ కూలీలు బీడీలు కాల్చేవాళ్లు, నేను గోళ్లు కొరుక్కునేవాణ్ణి. పిందెలు మాత్రం ఎవరి టెంకాయ కోసమూ ఆగలేదు.

ఎట్టకేలకు పెద్దాయన వచ్చి పిల్లర్లకు కాయ కొట్టగానే, సార్ ఆయన్ని ఖాళీ నేల మీదికి నడిపించుకుపోయారు. అక్కడ పసుపు వలయాలు గీసి ఉన్నాయి. ఇది రాబోయే బాయిలరు, ఇది చిమ్నీ, ఇది కప్పు, అది గేటు. "అన్నిటికీ ఈ పొద్దే కొట్టేయండి పెద్దాయనా. మీకు తిరుగుడు తప్పుతాది, మాకు కాచుకోనుండేది తప్పుతాది."

పెద్దాయన పొంగిపోయాడు. "శానా తెలివైనోడివప్పా!" అని కండువా నడుముకు బిగించి మొదలుపెట్టాడు. బస్తాలకు బస్తాలు కొట్టాడు. ఆ నీళ్లు వాగై పారి కుందూ నదిలో కలిశాయని దస్తగిరి ప్రమాణం చేసేవాడు. తర్వాత చాన్నాళ్లు మాకు కొబ్బరి చట్నీ, కొబ్బరన్నం, కొబ్బరి మిఠాయి. సగం బలగం కడుపు పట్టుకుని మరుగుదొడ్డి ముందు, పసుపు గీత వెంబడే, బారులు తీరింది.

కప్పు పోసే రోజు వచ్చింది. కంకర, ఇసుక, అద్దె మిక్సరు అన్నీ సిద్ధం. చెట్ల మీద కాయలు పిడికిలంత అయ్యాయి. దస్తగిరి తట్ట దించాడు.

"టెంకాయ యాడ సార్?"

"కొట్టినాం కదప్పా, కప్పుకు."

"అది మన్నుకు కొట్టినారు. కప్పు ఆ పొద్దు యాడుండాది? పుట్టని బిడ్డకు ఎవరన్నా గుండు కొట్టిస్తారా?"

కూలీలందరూ పలుగూ పారా కింద పెట్టేశారు, ఏ గీతలో పెట్టాల్సినవి ఆ గీతలోనే.

సార్ ఆ మూగ మిక్సరు వైపు చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. "అక్కరకు ముందే చేసిపెట్టడం! ఏడిట్లో మొట్టమొదటిది. నేనే చేస్తి గదరా!" అని నా వీపు మీద చరిచారు. ఆ దెబ్బ నాకిప్పటికీ వానాకాలంలో సలుపుతుంది.

వెంటనే పెద్దాయనకు ఫోన్ చేసి, అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టారు. అవతలినుంచి మూలుగు. కాయలు కొట్టీ కొట్టీ కుడి భుజం పట్టేసి, పుత్తూరు కట్టు కట్టించుకున్నాడట. "అన్నం గూడా మా ఆడోళ్లే కలిపి పెడతాండారు మద్దిలేటీ. ఈ పక్షం యాడికీ రాలేను. పని ఆపు."

సార్ ముఖంలో నవ్వు పోయింది. "పని ఆపితే కాయ ఆగదు పెద్దాయనా. ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దండి. ఈ సైటులో అన్నిటికంటే పెద్ద వృథా మీ కోసం కాచుకోనుండేదే."

అటువంటి పెద్దమనిషితో అంత మాట అన్నవాణ్ణి మేమెవ్వరం చూసి ఎరగం. కుక్క లేచి, తన గీతలోకి పోయి ముడుచుకుంది. నేను మనసులోనే సార్ పెట్టె సర్దేసి, పక్కన నాదీ సర్దాను.

అంతలో ఫోను అడిగింది. "ఎవురితో కొట్టిస్తావు?"

"ఎవురి పనికి వాళ్లతో. కప్పు పోసేది దస్తగిరి. కాయా దస్తగిరే కొడతాడు."

"మరి నేనేం చేయల్ల?" పెద్దాయన గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు అప్పటివరకు తెలియదు.

"ఈ పొద్దుకు రవ్వంత పక్కకు జరగల్ల, అంతే."

అవతల మంచం కిర్రుమంది. తర్వాత, "ఫోను రాయి పక్కన పెట్టు. పగిలేది నాకు ఇనపడల్ల."

దస్తగిరి చెవి మీది బీడీ తీసి పక్కన పెట్టి, కాయ అందుకున్నాడు. జీవితమంతా ఇతరులు కొట్టిన కాయల చిప్పలు ఏరుకున్న మనిషి. కళ్లు మూసుకుని కొట్టాడు.

"ఒక్క దెబ్బకేనా?" అంది ఫోను, కొబ్బరినీళ్లలో తడుస్తూ.

"ఒక్క దెబ్బకే పెద్దాయనా."

"ఊఁ... కానీండి." ఆ ఫోను పలికిన ఆఖరి మాట అదే. మళ్లీ నోరు విప్పలేదు.

అప్పటినుంచి ఎవరి పనికి వాళ్లే, ఆ పొద్దు పనికి ఆ పొద్దే కాయ కొట్టారు. తొలి పండు రంగు తిరిగేసరికి మిషను సిద్ధమైంది.

ప్రారంభం రోజు పెద్దాయన మధ్యాహ్నం దాటినా రాలేదు. లారీల మీద పండ్లు, పండ్ల మీద ఈగలు. సార్ గేటు దగ్గర మండుటెండలో బోడి నెత్తిన నిలబడి ఉన్నారు. "మిషను తిప్పేద్దాం సార్. ఇది మాత్రం వృథా కాదా?" అన్నాను.

"కాదురా. మనమంతా ఇంటాండగా ఆయప్ప ఆ మాట పడినాడు. ఈ మాత్రం నిలబడకపోతే మనం మనుషులమేనా?"

పెద్దాయన సాయంత్రానికి వచ్చాడు. కాయ రెండు దెబ్బలకు గానీ పగల్లేదు. దస్తగిరి వైపు ఓరగా ఒక చూపు చూసి లోపలికి నడిచాడు.

ఇప్పుడు హైదరాబాదులో నా కింద కూడా కొంతమంది పనిచేస్తున్నారు. ఆ ఏడు వృథాల్లో నాలుగు, పాత నోటుపుస్తకం తిరగేస్తే గానీ గుర్తురావు. ప్రతి సోమవారం మీటింగులో మాత్రం ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఏ పని ఎవరి కోసం ఆగింది?" మామూలుగా అందరూ బిస్కెట్ల ప్లేటు వైపు చూస్తారు. పోయిన వారం, కడప నుంచి కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం నా వైపే చూసింది.

"మీ సంతకం కోసం సార్. మంగళవారం నుంచి."

నాలోని పెద్దాయన ఒకసారి మీసం దువ్వాడు. ఆ వెనకే నాలోని మద్దిలేటి సార్ గొంతు సవరించుకున్నారు. నేను పెన్ను తీసి సంతకం పెట్టి, "మంగళవారమే చెప్పకపోయావా తల్లీ?" అన్నాను.

"మీరు సోమవారమే కదా సార్ అడుగుతారు?"

అప్పటినుంచి రోజూ అడుగుతున్నాను.