గ్రీన్ టీ గడిలో మా అవ్వ

ఆ రోజుల్లో, చాయ్ మనిషి మనసును ఏం చేస్తుందో ఈ భూమ్మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఇరవై రెండేళ్ళ వయసు, ఫార్మసీ చివరి సంవత్సరం, చేతిలో ఫోను, ఇంకేం కావాలి? మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా కోళ్ళఫారాలూ ఫార్మసీ కాలేజీలూ పోటీపడి వెలుస్తున్న కాలం. (హాజరు కోళ్ళఫారాల్లోనే కాస్త మెరుగు.) అలాంటి ఒక కాలేజీలో మా గైడు సారు నాకిచ్చిన ప్రాజెక్టు, ఒత్తిడి మీద గ్రీన్ టీ ప్రభావం. తేయాకులో థియానిన్ అని ఒకటుంటుందనీ, అది మనసును నెమ్మదిగా ఉంచుతుందనీ, కెఫీన్ అనే ఇంకోటి మనిషిని ఉరికిస్తుందనీ, మనవాళ్ళు ఆ ఆకులో పాలూ చక్కెరా పోసి గంటలకొద్దీ మరగబెట్టి దాని ప్రాణం తీస్తున్నారనీ ఆయన చెప్పారు. చివర్న అసలు మాట కూడా చెప్పారు. "గ్రీన్ టీ తాగినోళ్ళకు టెన్షన్ తగ్గాలె. తగ్గకుంటే నా సంతకం లేదు." సంతకం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఫలితం ముందే తెలిసిన ప్రయోగం కాబట్టి నాకు ధైర్యంగానే అనిపించింది.

ప్రయోగానికి మనుషులు కావాలి. మా ఊరు గౌడవెల్లిలో మా వాడకట్టునే రెండు గుంపులుగా విడగొట్టాను. ఒక గుంపుకు మూడు వారాలు గ్రీన్ టీ, ఇంకో గుంపుకు ఎప్పటి పాల చాయ్. నాయినను గ్రీన్ టీలో వేశాను. ఆయన కోపం తగ్గితే శాస్త్రానికీ మంచిది, ఇంట్లో మాకూ మంచిది. పక్కింటి పంక్చర్ షాపు చిచ్చానూ అందులోనే వేశాను. అవ్వకు కూడా ఒక కప్పు ఇచ్చి చూశాను. ఒక గుక్క నోట్లో పోసుకుని, వాకిట్లోకి పోయి ఉమ్మి, "గడ్డి కడిగిన నీళ్ళు బర్రెకు పొయ్యి కొడుకా" అంది. అలా అవ్వ పాల చాయ్ గుంపులో చేరిపోయింది.

రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ పది ప్రశ్నలు అడిగి, జవాబును బట్టి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేయాలి. ఎక్కువ మార్కులంటే ఎక్కువ టెన్షన్. ప్రశ్నల్ని ఇంగ్లీషు నుంచి నేనే తెలుగులోకి దించాను. (ఫోను సాయం చేసింది, దాని తెలుగు నాదానికన్నా ఘోరం.) నాయిన ఫ్యాక్టరీ నుంచి వచ్చి అప్పుడే బండి దిగాడు. ఎదురుగా నిలబడి, "గత దినమున మీరు నిష్కారణ ఆందోళనకు లోనైతిరా?" అని చదివాను. "ఏంది?" అన్నాడు. మళ్ళీ చదివాను. "అన్నిటికి సున్న రాసుకొని ఎల్లు" అన్నాడు. రాసుకుని వెళ్ళాను. చిచ్చా గ్రీన్ టీ పొట్లం చించి, పాలు పోసి, అల్లం దంచి వేసి, "గిప్పుడు జర చాయ్ లెక్క అయింది బేటా" అని నాకే ఒక గ్లాసు ఇచ్చాడు. ఆయనదీ సున్నాయే. "మొగోనికి టెన్షన్ ఏంది? జర పరేషాన్ ఉంటది, గది వేరే" అన్నాడు. ఆ గుంపులో ఉన్నదంతా మగవాళ్ళే, అందరూ మొదటి రోజే సున్నా దగ్గర కూర్చున్నారు. సున్నా ఇంకెక్కడికి తగ్గుతుంది? సంతకం గుర్తొచ్చి నాకు భయం మొదలైంది.

అవ్వ దగ్గర మాత్రం వ్యవహారం వేరు. అదే మొదటి ప్రశ్న అడిగితే, "నిష్కారణంగ ఎందుకయితది? కారణం ఉన్నది గదా, మీ నాయిన" అంది. నిద్ర సరిగా పడుతోందా అంటే, తాత పోయిన నాటి నుంచి మొదలుపెట్టి మొన్న అమ్మేసిన దూడ దాకా వచ్చింది. ఒక్కో ప్రశ్నకు అరగంట. "అవునా కాదా చెప్పవ్వా, గంతే" అని విసుక్కునేవాణ్ణి. "ఆగు, చెప్తున్న గదా" అనేది. ప్రతిదానికీ నాలుగు వేసి లేచేవాణ్ణి. రెండో వారానికి విచిత్రంగా నాలుగులు మూడయ్యాయి, మూడులు ఒకట్లయ్యాయి. నేను వచ్చేసరికి అవ్వ తల దువ్వుకుని, పీట వేసి, రెండు చాయ్‌లు పోసి కూర్చునేది. "ఇయ్యాల మంచిగనే ఉన్న. అడుగు" అనేది. నాకు ఒళ్ళు మండింది. మొత్తం వాడకట్టులో టెన్షన్ తగ్గిన ఒకే ఒక్క మనిషి, తగ్గించకూడని చాయ్ తాగుతోంది.

మూడు వారాలూ పూర్తయిన మర్నాడు కాగితాలు చూసి గైడు సారు తల పట్టుకోలేదు. ఇలాంటివి చాలా చూసినట్టున్నారు. "ఈ ముసలామె ఎవరు?" అన్నారు. "మా అవ్వ సార్" అన్నాను. "ఈమెను గ్రీన్ టీ గడిల రాయి. మారనోళ్ళందరిని పాల చాయ్‌ల రాయి. అయిపాయె." రాశాను. సంతకం పడింది. థియానిన్ వల్ల వృద్ధ మహిళలలో ఒత్తిడి గణనీయముగా తగ్గునన్న సత్యం గట్టి అట్టతో సహా మా కాలేజీ లైబ్రరీలో ఈ రోజుకీ ఉంది.

ఆ సాయంత్రం దోస్తులు షామీర్‌పేట చెరువుకు పోదామని ఇంటి ముందు బండి హారన్ కొడుతున్నారు. చొక్కా మార్చుకుని బయటికొస్తే పీట వేసుకుని అవ్వ. "ప్రాజెక్టు అయిపోయింది అవ్వా. ఇగ అడుగుడు లేదు" అన్నాను. అవ్వ నా మొహంలోకి చూసింది. "నిన్న సగమే చెప్పిన గదా" అంది. నిజమే. ఎవరికీ చెప్పుకోని బాధ ఏదైనా ఉందా అన్న పదో ప్రశ్నకు, యాప్రాల్‌లో ఉన్న తన అక్కతో ఏళ్ళ తరబడి మాటలు లేవని చెప్పి, "తప్పు మా అక్కది గాదు బిడ్డా" అని మొదలుపెట్టి, నాయిన బండి చప్పుడు వినపడగానే ఆపేసింది. "ఏం గాదులే అవ్వా, సంతకం పడ్డది" అని చెప్పి బండెక్కాను.

మూడేళ్ళకు, ఒక మందుల కంపెనీలో ఉద్యోగం దొరికాక, ఒక ఆదివారం ఎందుకో ఆ మాట గుర్తొచ్చింది. నేనే పీట లాక్కుని కూర్చుని, ఆ రోజు చెప్పకుండా మిగిలిపోయిన సగం ఏమిటని అడిగాను. అవ్వ ఎప్పటిలాగే రెండు గ్లాసుల్లో చాయ్ పోసింది. "గప్పుడు మస్తు బరువుండె. నువ్వు అడుగుతవని మాటలు కూడవెట్టుకున్న. మొత్తం నీకు చెప్పినంక యాప్రాల్ పోదామనుకున్న. ఇగ అక్కనే పోయింది, ఎవలకు చెప్పాలె" అంది. తర్వాత నా గ్లాసు నా వైపు జరిపి, "తాగు, సల్లారుతది" అంది.

తాగాను. సిగ్గేసింది, దాచుకోవడం దేనికి. ఆ సాయంత్రం బండెక్కి పోయిన ఇరవై రెండేళ్ళ పండితుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. ప్రాజెక్టులో ఆ ఏడాది క్లాసులోకెల్లా ఎక్కువ మార్కులు వాడివే.