ఎర్ర పిన్ను

ఎర్రరంగు చూస్తే చాలు, మా బావ ఆగిపోయేవాడు. ఖరగ్‌పూర్ సిగ్నల్ కేబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి మరి. మలంచా బజార్లో కొన్న కేబుల్‌తో టీవీకి స్పీకర్లు కలుపుతూ, తెల్ల పిన్ను గుచ్చి ఎర్రది వదిలేశాడు. కుడి స్పీకరు పలకలేదు. మా అక్కకేమో కుడి చెవి ఒక్కటే వినపడేది. ఆ ఇరుకు గదిలో కుర్చీ జరపడానికీ చోటు లేదు.

"ఎర్రది కూడా పెట్టు బావా," అన్నాను.

"ఎర్రంటే డేంజర్. సర్వీసంతా ఎర్ర మీద బండినే వదల్నేదు, ఇప్పుడు కరెంటు వదుల్తానా?"

"అయితే నాను పాటలు ఇననక్కర్నేదేటి?" అంటూ అక్క విసురుగా లేచింది. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డలోంచి ముక్క చించి, ఎర్ర పిన్నుకు చుట్టింది.

బావ కళ్లజోడు సవరించుకుని చూశాడు. చెయ్యెత్తి, "లైన్ క్లియర్!" అని గుచ్చాడు. గది దద్దరిల్లింది.

"సౌండు తగ్గించండి! నానేటి సెవిటిదాన్నా?" అంది అక్క.