అప్పాల సిస్టరు నిద్ర

"మన మఠంలో దేవుడైనా తెల్లవారుజామున ఓసారి అటు తిరిగి పడుకుంటాడేమో గానీ, ఈవిడ పడుకోదు" అనేది వంటింటి సిస్టరు. ఆ ఈవిడ అప్పాల సిస్టరు. లేపే గంట ఇంకా మోగకముందే, కారిడారులో గోడ పట్టుకుని, చెప్పులు చప్పుడు కాకుండా ఈడ్చుకుంటూ, మెట్ల కింద ఉన్న తన గదికి వెళ్ళిపోయేది.

చుట్టుపక్కల చర్చిగుళ్ళన్నిటికీ దివ్యపూజలో పంచే అప్పాలు ఆ గదిలోంచే వెళ్ళేవి. గోధుమపిండీ, నీళ్ళూ, అంతే. ఉప్పు కూడా వెయ్యరు. వేడెక్కిన రెండు ఇనప పలకల మధ్య పిండి జారుగా పోసి పైపలక నొక్కితే, సుయ్యిమని ఆవిరి ముఖాన కొట్టి, కాగితంలాంటి తెల్లటి రేకు వస్తుంది. దాన్ని వెంటనే కోశామా, పెళపెళా ముక్కలైపోతుంది. తడిగుడ్డల మధ్య పెట్టి, చెమ్మ పట్టాక, అప్పుడు గుండ్రంగా కొయ్యాలి. మధ్యాహ్నం దాటగానే గుళ్ళవాళ్ళు డబ్బాలు పట్టుకుని వచ్చేస్తారు. అందుకని పలకలు వేడెక్కాల్సింది చీకటితోనే.

విచిత్రమేమిటంటే, చిన్నప్పుడు ఆవిడ పేరు నిద్రమొహం. ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్ళు. నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మధ్యలో నిద్రపోయేది. నీళ్ళ వరసలో బిందె మీద గడ్డం ఆనించి నిల్చునే కునికేది. బడిలో సరేసరి. జ్ఞానోపదేశం చెప్పే ముసలి సిస్టరు ఒకావిడ మాత్రం గుంజిళ్ళు తీయించకుండా, పుస్తకంలోంచి చిన్న పటం తీసి చేతిలో పెట్టింది. పటంలో చేతినిండా రోజాపూలతో ఒక పడుచు కన్యస్త్రీ.

"ఈవిడ చిన్న తెరేజమ్మ. పదిహేనేళ్ళకే మఠంలో చేరింది. ఇరవై నాలుగేళ్ళకి క్షయతో పోయింది. ఈవిడకీ నీ జబ్బే, ప్రార్థన చేస్తూ నిద్రపోయేది."

"ప్రార్థనలోనా? మరి దేవుడు కొట్టలేదా సిస్టర్?"

"ఆయనేమన్నా మీ లెక్కల టీచరా?"

అంతే, ఆ పిల్ల మనసు అక్కడ అతుక్కుపోయింది. నిద్రపోయేవాళ్ళను కూడా పునీతుల్లో కలుపుకుంటారంటే ఆ ఇంట్లో తనకూ ఓ మూల చోటు ఉండకపోతుందా అనుకుంది. పటాన్ని ట్రంకుపెట్టె మూత లోపల అన్నం మెతుకులతో అంటించింది. పెద్దయ్యాక మఠానికి వెళ్తానంటే, బస్సు నడిపే వాళ్ళ నాన్న పగలబడి నవ్వాడు.

"నువ్వా? మఠానికా? అక్కడ కోడికంటే ముందు లేపుతారే పిచ్చిదానా! సరే వెళ్ళు, వెళ్ళేటప్పుడు నా బస్సు హారను ఊడదీసి ఇస్తా. చెవి దగ్గర పెట్టి కొట్టమని చెప్పు."

నవ్వి నవ్వి, తర్వాత గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడట. ఆ సంగతి అమ్మ చెప్పింది.

చేరిన కొత్తల్లో ప్రార్థనలో రెండుసార్లు బెంచీ మీంచి దొర్లి పడింది. అప్పటి పెద్ద మదరు చూసి, నిద్ర వదిలించాలంటే ఇదే మందు అని, అప్పాల గదిలో వేసింది. కొన్నాళ్ళకే అన్నారు. ఆ తర్వాత ఎంతమంది మదర్లు మారారో! తతిమ్మా సిస్టర్లను బడికీ, ఆసుపత్రికీ, హాస్టలుకీ ఏడాదికోసారి మార్చేవాళ్ళు. పనులు చదివి వినిపించేటప్పుడు ఈవిడ దగ్గరికి వచ్చేసరికి, "అప్పాలు, ఎప్పటిలాగే" అని పేజీ తిప్పేవాళ్ళు.

ఆవిడా నోరు విప్పలేదు. తెరేజమ్మ విప్పిందా? బట్టలు ఉతికేచోట పక్క సిస్టరు మురికినీళ్ళు ముఖాన చిందిస్తుంటే తుడుచుకోలేదు. ప్రార్థనలో వెనకావిడ ఒకటే చప్పుడు చేస్తుంటే తిరిగి చూడలేదు. ఇవన్నీ అప్పాల సిస్టరుకు కంఠతా వచ్చు. పైగా ఆవిడ వెనకబెంచీలో కూర్చునేది ఎవరనుకున్నారు? వంటింటి సిస్టరే. ఈవిడ తర్వాత రెండేళ్ళకి చేరింది. ఈ మనిషి జపమాల తిప్పిందంటే చెక్కపూసలు బెంచీకి తగిలి గలగలగల, ఎవరో శనగలు చెరుగుతున్నట్టు. అప్పాల సిస్టరు పళ్ళ బిగువున ఓర్చుకునేది. అదీ తెరేజమ్మ కోసమే.

అయితే నిద్రమొహం ఎక్కడికి పోతుంది? లోపలే ఉండిపోయింది. ముఖం కడుక్కుంటే పోయే నిద్ర కాదది, ఎముకల్లో దిగిన నిద్ర. పలకల ముందు నిల్చుని కునికి, మోచేతుల దాకా కాల్చుకున్న మచ్చలు. పైపలక ఎత్తీ దించీ కుడిభుజం జారిపోయింది. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేదు. పోనీ ప్రార్థనలోనన్నా కన్ను మూద్దామంటే, పలకలు మాడతాయేమోనని మధ్యలో రెండుసార్లు లేచి పరుగెత్తాలి. ప్రార్థనలో నిద్రపోయిన పునీతను నమ్ముకుని వచ్చిన మనిషికి, అక్కడ ఒక్కనాడన్నా హాయిగా కునుకు పట్టలేదు.

ఇలా ఉండగా ఆవిడ మఠంలో చేరి యాభై ఏళ్ళు నిండే ఏడాది వచ్చింది. జూబిలీ అన్నారు. ఒకరోజు మిషన్లు బిగించే అతను టేపు మెళ్ళో వేసుకుని అప్పాల గదిలోకి వచ్చాడు. గోడలు కొలిచాడు, గుమ్మం కొలిచాడు, ఆఖరికి ఆవిడ ముందు నిల్చున్నాడు.

"ఒక్కసారి నిటారుగా నిలబడండి సిస్టర్."

"నిటారుగానే నిలబడ్డానయ్యా. ఇంతకంటే లేవదు. ఎందుకూ?"

"పలకల ఎత్తు మీకు సరిపోవాలిగా. కొత్త మిషను, పెద్దది. జూబిలీకి మదర్ గారి బహుమతి. అయ్యో, చెప్పొద్దన్నారు! కూర్చుని చేసుకోవచ్చు, కుర్చీ కూడా బిగిస్తాను. ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు."

"ఎవరికీ, నాకా మిషనుకా?"

"ఇద్దరికీ సిస్టర్" అన్నాడతను, ఆశీర్వదించినంత సంబరంగా.

ఆవిడ పలకల వైపు తిరిగింది. ఎప్పుడో అప్పుడు ఈ పాత పలకలు వాటంతటవే చచ్చిపోతాయి, అప్పుడు పడుకోవచ్చు అనే ఆశతో బతుకుతోంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు కుర్చీ కూడా బిగిస్తారట.

మదరు ఈవిడకంటే బాగా చిన్నది. చిన్నప్పుడు ఇదే మఠం హాస్టల్లో చదువుకుంది. అప్పాలు కోశాక మిగిలిన అంచుముక్కల కోసం కిటికీ దగ్గర చెయ్యి చాపిన పిల్లల్లో ఒకతె. ఆవిడకు అప్పాల సిస్టరంటే ప్రాణం. అదే వచ్చింది చిక్కు.

"మదర్, నాకు కొత్త మిషనెందుకండీ? ఇంకెవరికన్నా ఇస్తే..." అని అప్పాల సిస్టరు నసిగింది.

"చూశారా, ఎంత అణకువో! మీకు కాక ఎవరికి సిస్టర్?" మదరు కళ్ళు చెమర్చాయి.

"అది కాదండీ, నా భుజం లాగేస్తోంది."

"అందుకే కదా కొత్తది! ఎత్తక్కర్లేదు, దించక్కర్లేదు. మీట నొక్కితే చాలు."

ఇంకేం చెబుతుంది? "అలాగే మదర్" అని వచ్చేసింది. ఆ సాయంత్రం ట్రంకుపెట్టె తెరిచి పటం ముందు కూర్చుంది. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, ఆవలింత వచ్చింది.

మర్నాడు వంటింట్లో ఉల్లిపాయలు ఒలవడానికి కూర్చుంటే, వంటింటి సిస్టరు ఓరగా చూసింది.

"ఏంటే, ఉల్లిపాయ ముట్టుకోకముందే ఏడుస్తున్నావు? జూబిలీ పెళ్ళికూతురివి, నవ్వాలి గానీ."

"సాయంత్రం మిషన్లతను మళ్ళీ వస్తాడట. మదరు ఊఁ అంటే పని మొదలుపెడతాడు."

"మంచిదేగా?"

అప్పాల సిస్టరు కత్తి కింద పెట్టేసింది. "నాకు వద్దే."

"ఏది వద్దు?"

"మిషనూ వద్దు, అప్పాలూ వద్దు. అలిసిపోయానే. లేవలేకపోతున్నా."

వంటింటి సిస్టరు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆవిడ నోరు ఊరికే తెరుచుకుని ఉండటం ఆ మఠంలో ఎవరూ చూసి ఎరగరు.

"అమ్మ నా తల్లే! అదే నీ ప్రాణమనుకుంటున్నాం కదే అందరం! ఆ గది మూసేస్తే పోతావేమోనని మదరు భయపడుతోంది. పెద్ద మఠంవాళ్ళు అప్పాలు మేం పంపుతామని ఎప్పటినుంచో అంటున్నారు, నీ కోసం వద్దంటోంది."

"నా కోసమా?"

"మరి నా కోసమా? చెప్పి చావొచ్చుగా ఇన్నాళ్ళూ!"

"తెరేజమ్మ ఎప్పుడన్నా నోరు విప్పి అడిగిందా?"

వంటింటి సిస్టరుకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "అడగలేదా? మఠంలోకి రానివ్వం, చిన్నపిల్లవన్నారని బిషప్పు దగ్గరికి వెళ్ళిందా లేదా? అక్కడా కుదరక పోపుగారి దగ్గరికే వెళ్ళిందా లేదా? మాట్లాడొద్దని చెప్పినా వినకుండా ఆయన మోకాళ్ళు పట్టుకుని అడిగింది. కాపలావాళ్ళు రెక్కలు పట్టుకుని లేపుకెళ్ళేదాకా వదల్లేదు. ఈ కథ నాకు చెప్పింది నువ్వేనే! కూర మాడిపోతున్నా వదలకుండా చెప్పావు."

"అది దేవుడి దగ్గరికి వెళ్ళడానికి అడిగింది. నేనడిగేది నిద్ర."

"నిద్ర మాత్రం ఎవరిస్తారు, మిషన్లవాడా? లే. ఉల్లిపాయల సంగతి నేను చూసుకుంటా."

మదరు గది తలుపు తీసే ఉంది. అప్పాల సిస్టరు లోపలికి వెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. కూర్చున్నాక తెలిసింది మళ్ళీ లేవలేనని.

"అయ్యయ్యో సిస్టర్, ఏంటిది?"

"మదర్, నాకు నిద్ర వస్తోందండీ."

"అయితే వెళ్ళి కాసేపు పడుకోండి. దానికి మోకాళ్ళ మీద అడగాలా?"

"ఇవాళ కాదు మదర్. యాభై ఏళ్ళుగా వస్తోంది."

మదరు నవ్వబోయి ఆగింది. వచ్చి, కుర్చీలో కాకుండా, తనూ ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది. ఆవిడ మోచేతి మచ్చల వైపు కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"మరి ఎందుకు చెప్పలేదు సిస్టర్?"

"అడగడం తప్పనుకున్నానండీ."

"నేను... కిటికీ దగ్గర మీరు నవ్వుతూ ముక్కలు పెట్టేవారు. నాకు అదే గుర్తు. మీకు ఆ పనంటే ఎంత ఇష్టమో అనుకున్నాను."

"మీరు తింటుంటే బాగుండేది మదర్. నిజంగా బాగుండేది. లేవడమే బాగుండేది కాదు."

మదరుకు ఆ గది పోతుందంటే తన చిన్నతనం పోయినట్టే ఉంది. ఆ మాట పైకి అనలేదు.

"మిషన్లతనికి వద్దని చెప్పేస్తాను. అప్పాలు పెద్ద మఠం నుంచి వస్తాయి. మరి జూబిలీకి మీకేం కావాలి?"

"గంట కొట్టాక లేస్తానండీ. అందరితో పాటు."

"అంతేనా?"

"అదే చాలా ఎక్కువ."

మదరు చేతులు పట్టుకుని లేపబోతే ఇద్దరూ బల్ల మీద పడబోయారు. లేచి నిలబడ్డాక కూడా చేతులు వదలడానికి ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

పలకలు చల్లారాయి. నూనెగుడ్డ చుట్టి అటక మీద పెట్టించారు. తీరా చూస్తే మొదటి రోజు ఆవిడకు పాత వేళకే మెలకువ వచ్చేసింది. మంచం మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంటే పరాయివాళ్ళ చేతుల్లా ఉన్నాయి. ఎక్కడా పిండి వాసన లేదు. ఏడుపు వచ్చింది, ఎందుకో ఆవిడకే తెలియలేదు. రెండో రోజూ అంతే. ఆ వారమంతా అంతే. ఇన్నేళ్ళు గుమ్మం బయట నిలబెట్టిన నిద్ర, రమ్మన్నా లోపలికి రావడానికి మొహమాటపడింది.

"అడిగి తెచ్చుకున్నావుగా, పడుకోవేం?" అని వంటింటి సిస్టరు దెప్పింది. దెప్పుతూనే గ్లాసునిండా వేడిపాలు ముందు పెట్టింది.

ఆ తర్వాత ఒక ఉదయం ప్రార్థన సగంలో ఉంది. కిటికీలోంచి పల్చటి ఎండ బెంచీల మీదికి పాకుతోంది. వెనకబెంచీలో చెక్కపూసలు ఎప్పటిలాగే గలగలమంటున్నాయి. అప్పాల సిస్టరు తల మెల్లగా ఒక పక్కకు వాలింది. ఎడం భుజం మీదికి, నొప్పి లేనివైపు. నోరు కాస్త తెరుచుకుంది. సన్నగా గురక.

పక్కనున్న సిస్టరు తట్టి లేపబోయింది. వెనక నుంచి వంటింటి సిస్టరు ఆ చేతిని పట్టుకుని, గుడ్లురిమింది. తర్వాత తన జపమాలను పూసలన్నీ కలిపి పిడికిట్లోకి తీసుకుని, కొంగులో చుట్టేసి, ఒళ్ళో పెట్టుకుంది.

ఆ గలగల ఆగేసరికి ముందు బెంచీలోని మదరు ఏమైందోనని వెనక్కి తిరిగింది. చూసింది. మళ్ళీ ముందుకు తిరిగి, చదువుతున్న కీర్తనను గొంతు తగ్గించి చదివింది.