జిడ్డన్న చూపించిన నగరం

ఓడలో పనిచేసేవాడు ప్రపంచమంతా చూస్తాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రపంచం తిరిగేది ఓడ. అందులో పనివాడు చూసేది తన గదీ, తన పనీ, తోటివాళ్ల మొహాలూ. నేను ఓడలో వంటవాణ్ణి. రేవు తగిలితే కూరగాయల బజారు దాకా అయినా పోతాను. ఇంజను గదిలో నూనె పోసే జిడ్డన్నకు ఆ భాగ్యం కూడా లేదు. ఓడ నడిచినంతసేపూ ఇంజను చేయి పెట్టనివ్వదు. రేవులో ఆగితేనే అది చల్లబడుతుంది. చల్లబడితేనే విప్పడం, తుడవడం, బిగించడం మొదలవుతాయి. పైనున్నవాళ్లు తల దువ్వుకుని ఊళ్లోకి దిగే వేళకు ఇతను ఇంజను గదిలోకి దిగుతాడు.

ఎంత సబ్బు రుద్దినా చేతుల మురికి వదలదు గనుక అందరికీ అతను జిడ్డన్నే. మనిషి మంచివాడు. కోతలు కోయడం ఒక్కటే అతనికున్న జబ్బు. భార్య పోయాక కూతుర్ని తన అక్క దగ్గర పెంచాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్లకు ఊళ్ల కబుర్లు చెప్పేవాడు. మా సరంగు, అంటే పైన డెక్కు మీది పనివాళ్ల మేస్త్రీ, బయట తిరిగొచ్చి భోజనాల దగ్గర వాగిందంతా విని, దానికి ఉప్పూ కారం దట్టించి, తానే చూసినట్టు చెప్పేవాడు. ఆ సరంగు నోట నిజం వచ్చిన రోజు ఎవరికీ గుర్తులేదు, అది వేరే సంగతి. మా ఓడ తరచూ ఆగే ఈ మహానగరం గురించైతే మరీను. పిట్టలు తప్ప ఇంకేమీ అమ్మని వీధి ఉందట. ఆకాశాన్నంటే మేడ మీద గుండ్రంగా తిరిగే హోటలు ఉందట. అందులో కూర్చుని టీ తాగుతుంటే ఊరంతా కళ్లముందు తిరిగిందట.

"ఎందుకన్నా ఈ కోతలు?" అని ఒకసారి అడిగాను.

"ఎలాగూ ఇంట్లో ఉండనురా. నా తరఫున పిల్లకి ఏదో ఒకటి అందాలి కదా" అన్నాడు.

ఆ పిల్ల పెద్దదై, ఈ నగరంలోనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని వెతుక్కుని వచ్చేసింది. మేనత్త ఇంటి దగ్గర్లోనే పని దొరికితే వద్దందట.

ఈసారి ఈ నగరం రేవులో ఆగినప్పుడు ఇంజనుకు కావలసిన సామాను ఏదో వేళకు రాలేదు. పెద్ద ఇంజనీరు గొణుక్కుంటూ జిడ్డన్నకు ఒక పగలు సెలవిచ్చాడు. ఎగిరి గంతేయాల్సిన మనిషి మొహం వేలాడేసుకుని నా వంటగదికి వచ్చాడు.

"తమ్ముడూ, నువ్వు కూడా రావాలి. పిల్ల ఊరు చూపించమంటోంది."

"చూపించు మరి."

"గేటు దాటితే నాకు కుడేదో ఎడమేదో తెలీదురా!"

"నాకు మాత్రం ఏం తెలుసు? మంచి ఉల్లిపాయలు ఎక్కడ దొరుకుతాయో తెలుసు, అంతే."

అయినా వెళ్లాను. గుడ్డివాడికి గుడ్డివాడు తోడు.

రేవు గేటు బయట బస్టాపులో నిలబడి ఉంది పిల్ల. నాన్నను చూడగానే పరుగెత్తుకొచ్చి ఆ జిడ్డు చేతులు పట్టుకుంది.

"ఏడాది కావస్తోంది బాబాయ్, ఈ ఊళ్లో నేనేమీ చూడలేదు. హాస్టల్లో వాళ్లు రమ్మన్నా పోలేదు. అన్నీ నాన్నతోనే చూడాలని ఉంచుకున్నా" అంది నాతో.

జిడ్డన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ముందు పిట్టల వీధికి అంది. జిడ్డన్న వచ్చిన బస్సల్లా ఎక్కించాడు. సైకిలు టైర్ల వీధిలో దిగాం. అక్కణ్ణించి పైపులూ కుళాయిలూ అమ్మే వీధికి నడిచాం. ఎండ మాడ్చేస్తోంది. "ఇంకా ఎంత దూరం బాబాయ్?" అని పిల్ల అడిగితే, "దగ్గరే అమ్మా, ఇంకాస్త ముందుకి" అన్నాను. నాన్న పరువు కోసం అన్న మాటే అది. చివరికి జిడ్డన్న, "అంతా కూలగొట్టేశారు తల్లీ, ఊరు గుర్తుపట్టలేకుండా మారిపోయింది" అన్నాడు. పిల్ల నమ్మింది.

ఇక మిగిలింది తిరిగే హోటలు. అన్నిటికన్నా ఎత్తుగా కనబడిన మేడ దగ్గరికి తీసుకెళ్లాడు. కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. ఏడాదిగా నేర్చుకున్న ఆ ఊరి భాషలో పిల్ల వాడితో మాట్లాడింది. వాడు నవ్వి, ఇంకోణ్ణి పిలిచి వాడికీ చెప్పాడు. ఇద్దరూ కలిసి మా బట్టలూ చెప్పులూ చూసి నవ్వారు.

"పైన అన్నీ ఆఫీసులేనట నాన్నా. హోటలు ఎప్పుడూ లేదట. ఈ ఊళ్లో అలాంటిది ఎక్కడా లేదట."

ఎదురుగా ఉన్న పిట్టగోడ మీద కూర్చుంది.

"నాన్నా, నువ్వెప్పుడైనా ఈ ఊరు చూశావా?"

జిడ్డన్న తల దించుకుని, "లేదమ్మా" అన్నాడు.

"మరి మిగతా ఊళ్లు?"

"ఏదీ చూడలేదు. మేం దిగం తల్లీ. మాకు కుదరదు."

అరుస్తుందనుకున్నాను. నవ్వేసినా నవ్వేస్తుందని ఆశపడ్డాను. ఆమె రెండూ చేయలేదు.

"అమ్మ పోయినప్పుడు ఓడ నడిసముద్రంలో ఉందన్నావు. అందుకే రాలేకపోయానన్నావు. అది కూడా ఇలాగే చెప్పావా?"

జిడ్డన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. "అది నిజం తల్లీ. నీ మీద ఒట్టు, అది నిజం!"

అది నిజమే. ఆ కబురు పట్టుకుని ఇంజను గదిలోకి దిగింది నేనే. ఆ రోదలో అతని చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది. ఓడ వెనక్కి తిప్పమని వెళ్లి కెప్టెన్ కాళ్ల మీద పడ్డాడు. నూనె పోసేవాడి పెళ్లాం కోసం ఎవడు తిప్పుతాడు అంత ఓడని? ఆ రాత్రీ డ్యూటీ చేయించారు. ఇదంతా పూసగుచ్చినట్టు పిల్లకు చెప్పాను.

ఆమె మర్యాదగా చివరిదాకా విన్నది.

"పొద్దున మీరు కూడా 'ఇంకాస్త ముందుకి' అన్నారు కదా బాబాయ్" అంది.



దారి అడుక్కుంటూ ఆమే మమ్మల్ని గేటు దాకా తీసుకొచ్చింది. తన బస్సు వచ్చింది. జిడ్డన్న కిటికీ పట్టుకుని, "అది మాత్రం నిజం తల్లీ" అన్నాడు మళ్లీ.

"సరేలే నాన్నా. వేళకి తిను" అంది.

నమ్మినవాళ్లు సరేలే అనరు.