ఊడవని గది

కోనసీమకు రైలు లేదు. అక్కడి మిలిటరీ కుర్రాళ్లు సెలవు అయిపోయాక ముందురోజు సాయంత్రమే బస్సులో రాజమండ్రి వచ్చి, తెల్లవారుజామున రైలెక్కేవారు. ఆ ఒక్క రాత్రికి హోటలు ఖర్చు ఎందుకని మా ఎదురింటి సత్యవాణి అత్తగారు పెరటి గదులు చవగ్గా ఇవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ పోయాక సత్యవాణి నడిపింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ కుర్రాళ్లు "పిన్నిగారూ" అంటే చాలు, చేపల పులుసు ఇంకో గరిటె పడేది.

ప్రయాణమైన మనిషి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడవకూడదని మనకుందిగా. సత్యవాణికి అద్దె గదైనా అంతే. వెళ్లినవాడు చేరినట్టు కబురు చేసేదాకా అందులో చీపురు పెట్టదు, ఇంకొకరికి ఇవ్వదు. అత్తగారి రోజుల్లో ఉత్తరం కోసం ఆగేవారట. ఫోన్లొచ్చాక ఆ బాధ తగ్గింది.

ఆ కుర్రాళ్లలో రాజోలు సామ్యేలు నిరుడు వేసవిలో వెళ్లాడు. ఫోన్ రాలేదు. ఈమె చేస్తే స్విచాఫ్. టీవీలో సరిహద్దు మాట వినిపిస్తే కొయ్యబారిపోయేది. వానలు వచ్చి వెళ్లాయి. మిగతా కుర్రాళ్లు ఏసీ లాడ్జీలకు మళ్లారు. ఉన్నవాటిలో మంచి గది సామ్యేలు పడుకున్నదే, దానికేమో తాళం.

"ఊడ్చి అద్దెకిచ్చుకోవే, ఏం తిని బతుకుతావు?" అన్నాను.

"వాడికేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా వదినా?" అని కసిరింది.

మొన్న స్టేషన్ దగ్గర కొత్త లాడ్జీ మెట్లు దిగుతూ సామ్యేలు కనిపించాడు. నేను ఊరుకుంటానా, చెయ్యి పట్టుకుని ఆపేశాను.

"ఏరా, బతికే ఉన్నావా?"

"అదేంటి మామ్మగారూ, అలాగంటారు!" అని నవ్వాడు. "ఫోన్ పోయిందండి, నంబర్లన్నీ అందులోనే. తర్వాత రెండుసార్లు లీవుకొచ్చాను."

"వచ్చి మా వీధికి రాలేదేం? కాళ్లు పడిపోయాయా?"

"ఇక్కడ వైఫై ఉందండి." చెయ్యి విడిపించుకుంటూ, "పిన్నిగారు ఇంకా గదులిస్తున్నారా?" అన్నాడు.

సంతోషిస్తుందని పరుగున వెళ్లి చెప్పాను. ఒళ్లు కూడా చేశాడన్నాను.

"రెండుసార్లొచ్చాడా?" అంది సత్యవాణి. "వాణ్ణి నిన్నెవరడగమన్నారు వదినా? అడక్కపోతే నాకు వాడింకా దారిలోనే ఉండేవాడు."

ఇప్పుడా గదుల్లో ఎవరివో సిమెంటు బస్తాలున్నాయి. ఏ కుర్రాడైనా సంచితో వచ్చి పిలిస్తే, గదుల్లేవని చెప్పడానిక్కూడా ఆమె బయటికి రాదు. నేనే మా అరుగు మీంచి చెప్పి పంపేస్తున్నాను.